చిన్న చికాకులకు సొంత పనిముట్లు

కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవారిని రోజూ విసిగించేవి చాలావరకు చిన్న విషయాలు. స్కానర్ నుంచి వచ్చిన ఫైళ్లన్నిటికీ ఒకే మూస పేర్లు పడతాయి. ఒక్కొక్కటీ తెరిచి చూసి పేరు మార్చుకోవాలి. ఎక్సెల్‌లో ఖాతా నంబరు కొట్టగానే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అదే చిరునామా, అదే జీఎస్టీ నంబరు, ఉత్తరం చివర అవే నాలుగు మాటలు పూటకు పదిసార్లు టైపు చేయాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో కరెంటు బిల్లు, పెళ్లి కార్డు, ఆఫీసు సర్క్యులర్ అన్నీ కుప్పగా పడి ఉంటాయి. వీటివల్ల పని ఆగిపోదు. ఆగిపోదు కాబట్టే ఎవరూ ఫిర్యాదు చేయరు, మందు వెతకరు.

ఇలాంటి ఒక్క చికాకును వదిలించుకోవడానికి, దాన్ని అనుభవిస్తున్న మనిషే రాసుకునే పదీ ఇరవై వరుసల ప్రోగ్రామును చిన్న పనిముట్టు అనవచ్చు. దానికి హంగులుండవు, అమ్మకానికి పెట్టే ఉద్దేశం ఉండదు. చేసేది ఒక్క పని, దాన్ని తప్పులేకుండా చేస్తే చాలు. పెద్ద కంపెనీలు ఇలాంటివి తయారుచేయకపోవడానికి కారణం ఉంది. కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఊరి నెట్ సెంటర్‌కో, ఒక డీటీపీ దుకాణానికో, ఒక స్కూలు గుమాస్తాకో ఎదురయ్యే ఇబ్బంది వాళ్ల కంటికి ఆనదు. ఆ ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ చేయి తడబడుతుందో రోజూ పడేవారికే తెలుసు. కాబట్టి పనిముట్టు చేయడానికి అందరికన్నా అర్హులు వారే. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం ఆ తర్వాతి మాట.

సమయం లెక్క వేస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 30 సెకన్ల పని రోజుకు 20 సార్లు చేయాల్సివస్తే 10 నిమిషాలు పోతాయి. ఏడాదికి 300 పనిదినాలనుకుంటే అది 50 గంటలు. అయితే సమయం ఒక్కటే లెక్కలోకి తీసుకోకూడదు. ఒకే పని మళ్లీ మళ్లీ చేతితో చేసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఇరవయ్యో ఫైలు దగ్గర కన్ను అలిసిపోయి ఒకరి సర్టిఫికెట్‌కు ఇంకొకరి పేరు పడుతుంది. ఆ తప్పు వెంటనే బయటపడదు. నెల తర్వాత ఎవరో వచ్చి అడిగినప్పుడు బయటపడుతుంది. పనిముట్టు వల్ల కలిగే పెద్ద లాభం ఈ తప్పుల్ని ఆపడమే.

చికాకును పట్టుకోవడం

కంప్యూటర్ పెట్టే ఇబ్బందులకు మనుషులు ఎంత త్వరగా అలవాటు పడిపోతారో చెప్పడానికి జన్యుశాస్త్రం నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ షీటులో రాస్తే, ఎక్సెల్ వాటిని సెప్టెంబరు 1, మార్చి 1 తేదీలుగా మార్చేసేది. ఏళ్లతరబడి పరిశోధన పత్రాల్లోకి ఈ తప్పులు ఎక్కాయి. చివరికి మానవ జన్యువుల పేర్లను ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చేసింది. ఇలాంటి మార్పిడిని ఆపుకునే ఏర్పాటు ఎక్సెల్‌లోకి వచ్చింది 2023లో. శాస్త్రవేత్తలే ఇంతగా సర్దుకుపోయినప్పుడు, రోజూ ఖాతా నంబర్లు కొట్టే గుమాస్తా సర్దుకుపోవడంలో వింత లేదు.

అలవాటైన చికాకు కనబడదు కాబట్టి దాన్ని వెతికి పట్టుకోవాలి. కీబోర్డు పక్కన ఒక కాగితం పెట్టుకుని, విసుగొచ్చిన ప్రతిసారీ ఒక వరుస రాసుకోవడం మంచి పద్ధతి. ఏ పని చేస్తుండగా, ఎన్ని క్లిక్కులు, ఎంతసేపు అన్నది రాస్తే చాలు. వారం తిరిగేసరికి రెండు మూడు విషయాలు పదేపదే కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. అన్నిటికన్నా పెద్దది ఎంచుకోవాలనిపించడం సహజం. కానీ మొదటి పనిముట్టుకు అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే మేలు. స్పష్టత తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లోపలికి ఏది వెళ్తుంది, దానికి ఏం జరగాలి, బయటికి ఏది రావాలి అన్నవి ఒకే వాక్యంలో చెప్పగలగాలి. “ఫోల్డరును శుభ్రం చేయాలి” అన్న వాక్యం ఈ పరీక్షలో నిలవదు. “డౌన్‌లోడ్స్‌లో ఉన్న పీడీఎఫ్ ఫైళ్లను అవి వచ్చిన నెల పేరుతో ఉన్న ఫోల్డరులోకి చేర్చాలి” అన్నది నిలుస్తుంది.

ఆ వాక్యం దొరికాక వెంటనే రాయడం మొదలుపెట్టకుండా, ఆ పని చేసేది ఇప్పటికే ఉందేమో చూడాలి. కాపీ చేసినవాటిలో పాతవి కావాలంటే విండోస్ మీట, వి కలిపి నొక్కితే జాబితా వస్తుంది. 2018 నుంచీ ఈ సౌకర్యం ఉన్నా దాని సంగతి తెలియనివారు కోకొల్లలు. ఖాతా నంబర్ల సున్నాలు పోకుండా ఉండాలంటే ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే సరి. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుతుంది, ఆ పైవాటిని సున్నాలు చేస్తుంది. అంతకన్నా పొడవైన ఖాతా నంబర్లకు టెక్స్ట్ తప్ప దారి లేదు. మైక్రోసాఫ్ట్ 2019లో మళ్లీ మొదలుపెట్టి ఉచితంగా ఇస్తున్న పవర్‌టాయ్స్‌లో ఫైళ్ల పేర్లు గుత్తగా మార్చేది, బొమ్మల కొలతలు మార్చేది సిద్ధంగా ఉన్నాయి. ఉన్నదాన్ని వెతికి వాడుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

ఒక పనిముట్టు తయారయ్యే తీరు

నెట్ సెంటర్లలో ఉద్యోగ దరఖాస్తులు నింపేవారికి బాగా తెలిసిన చికాకు ఫొటో సైజు. బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ నిర్వహించే పరీక్షల దరఖాస్తులో ఫొటో ఫైలు 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి. అభ్యర్థి ఫోనులో తీసుకొచ్చే ఫొటో చూస్తే మూడు, నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని పెయింట్‌లో తెరవడం, రీసైజులో ఒక శాతం వేయడం, సేవ్ చేయడం, ఫైలు మీద మౌసు పెట్టి సైజు చూడడం, 63 కేబీ ఉందంటే మళ్లీ మొదటికి రావడం. ఈసారి ఎక్కువ తగ్గిస్తే 17 కేబీ అవుతుంది; అదీ చెల్లదు. పైగా పెయింట్‌లో జేపెగ్ నాణ్యత తగ్గించుకునే వీలు లేదు, కొలతలే తగ్గించాలి. దాంతో మొహం మసకబారుతుంది. ఆఖరి తేదీనాడు బయట వరుసలో ఇరవైమంది నిలబడి ఉండగా ఈ తంతు నడుస్తుంది.

పవర్‌టాయ్స్ కొలతలు మారుస్తుంది కానీ “ఇన్ని కేబీల లోపు” అంటే దానికి తెలియదు. ఆన్‌లైన్‌లో ఈ పనిచేసే సైట్లు చాలా ఉన్నాయి. అయితే అభ్యర్థి ఫొటో, సంతకం రెండూ ఎవరిదో తెలియని సర్వరుకు పంపడం మంచిది కాదు. ఇక్కడే సొంత పనిముట్టు అవసరమవుతుంది.

1990 నుంచీ ఉచితంగా దొరుకుతున్న ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాముకు, జేపెగ్ ఫైలు ఫలానా కేబీలకు మించకూడదని ఒక్క ఆదేశంతో చెప్పవచ్చు. నాణ్యతను తానే సర్దుకుంటూ ఆ హద్దులోకి తెస్తుంది. కాబట్టి చేయాల్సిందల్లా ఆ ఆదేశాన్ని ఒక బ్యాచ్ ఫైలులో, అంటే ఆదేశాలను వరుసగా నడిపే ఫైలులో, రాసి డెస్క్‌టాప్ మీద పెట్టడమే. ఫొటోను మౌసుతో లాగి ఆ గుర్తు మీద వదిలితే, విండోస్ ఆ ఫొటో ఉన్న చోటును బ్యాచ్ ఫైలుకు అందిస్తుంది. ఫలితం అదే ఫోల్డరులో అసలు పేరుకు చివర “ఫొటో” అని చేర్చిన కొత్త ఫైలుగా రావాలి. అసలు ఫైలు మీద రాయడం అనేది ఎప్పుడూ ఉండకూడదు.

మొదటి రూపం ఇంతే, మూడు నాలుగు వరుసలు. దాన్ని వాడడం మొదలుపెట్టిన పూటే లోపాలు బయటపడతాయి. “కొత్త ఫోల్డరు” లాగా పేరులో ఖాళీ ఉన్న ఫోల్డరులోని ఫొటో ఇస్తే ఫైలు దొరకలేదంటుంది. ఫైలు చోటును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోవడమే కారణం. బ్యాచ్ ఫైళ్లు రాసే కొత్తవారందరికీ ఎదురయ్యే తప్పిది. ఫోనులో నిలువుగా తీసిన ఫొటో అడ్డంగా పడుకుని రావచ్చు. ఫొటో ఏ దిక్కున ఉందన్నది ఫోను విడిగా ఫైలులో రాసి ఉంచుతుంది, దాన్ని చదివి తిప్పమని ఇమేజ్‌మ్యాజిక్‌కు ఇంకొక ఆదేశం ఇవ్వాలి. అసలు కొంచెం చిన్న ఫొటో ఇచ్చినప్పుడు ఫలితం 20 కేబీల కన్నా తక్కువ రావచ్చు. అప్పుడు పనిముట్టు మౌనంగా ఉండకుండా “సైజు 20 కేబీల కన్నా తక్కువ వచ్చింది, పెద్ద ఫొటో ఇవ్వండి” అని చెప్పి ఆగాలి. పనిముట్టు నమ్మకమైనదో కాదో తేలేది, చేయలేని పనిని చేయలేనని చెప్పడంలోనే.

సంతకానికి ఇంకొక గుర్తు పెట్టాలి. ఒకే ప్రోగ్రాములో ఫొటోనా, సంతకమా అని అడిగే కిటికీ పెట్టాలన్న ఆలోచన వస్తుంది కానీ, అడిగిన ప్రతిసారీ ఒక క్లిక్కు పెరుగుతుంది. డెస్క్‌టాప్ మీద రెండు గుర్తులుంటే ప్రశ్నే ఉండదు. ఇలా రెండు మూడు రోజుల వాడకంతో పదిహేను వరుసలకు చేరిన బ్యాచ్ ఫైలు ఆ నెట్ సెంటర్ అవసరానికి ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కన్నా బాగా సరిపోతుంది.

ఏ భాషలో రాయాలన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఇవ్వాల్సిన పని లేదు. విండోస్ 7 నుంచీ ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ పవర్‌షెల్ ఉంటుంది. ఫైళ్లు కదపడం, పేర్లు మార్చడం లాంటివాటికి అది బాగుంటుంది. టైపింగుకు సంబంధించిన పనులకు, అంటే రెండక్షరాలు కొడితే మొత్తం చిరునామా పడడం, ఒక మీటకు కొత్త పని అప్పగించడం వంటివాటికి ఆటోహాట్‌కీ పెట్టింది పేరు. ఎక్సెల్‌లో పుట్టిన చికాకుకు ఎక్సెల్ మాక్రోయే మందు. పని కాస్త చిక్కుగా ఉంటే పైథాన్ ఉంది. పక్కనున్నవారికి ఏది తెలుసో అది నేర్చుకోవడమే అన్నిటికన్నా తెలివైన ఎంపిక, ఆగిపోయినప్పుడు అడగడానికి మనిషి ఉంటాడు.

చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్ లాంటివి వచ్చాక ఇలాంటి స్క్రిప్టు రాయించుకోవడం నిమిషాల పనైంది. ఒక్క వాక్యంలో చెప్పగల స్పష్టత సంపాదించుకున్నవారికి వాటి నుంచి మంచి ఫలితం వస్తుంది. అయితే అవి ఇచ్చిన దాన్ని వరుసవరుసనా వివరించమని అడిగి, అర్థం చేసుకున్నాకే నడపాలి. ఫైళ్లు తీసేసే వరుసలు, ఇంటర్నెట్‌తో మాట్లాడే వరుసలు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడాలి. నమూనా కోసం నిజమైన ఖాతాదారుల వివరాలు వాటికి ఇవ్వకూడదు.

తెలుగుతో వచ్చే చిక్కులు

తెలుగులో పనిచేసేవారికి కొన్ని అదనపు చిక్కులు ఉన్నాయి. ఇంగ్లిషులో రాసిన పాఠాల్లో వీటి ప్రస్తావన దొరకదు కాబట్టి కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

మొదటిది ఫైలును సేవ్ చేసే పద్ధతి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1, స్క్రిప్టు యూటీఎఫ్-8లో ఉందని తెలిపే బీఓఎం గుర్తు ఫైలు మొదట్లో లేకపోతే, అందులోని తెలుగును పిచ్చి గీతలుగా చదువుతుంది. నోట్‌ప్యాడ్ ఇప్పుడు మామూలుగా ఆ గుర్తు లేకుండానే సేవ్ చేస్తుంది. అందువల్ల సేవ్ చేసేటప్పుడు బీఓఎంతో కూడిన యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి. సీఎస్‌వీ ఫైళ్లదీ ఇదే కథ. పనిముట్టు ఇచ్చిన జాబితాను రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ చెదిరిపోయి కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారు పడతారు. ఫైలు బాగానే ఉంటుంది, మొదట్లో బీఓఎం లేదంతే.

రెండోది అక్షరాల లెక్క. “స్త్రీ” అన్నది చదివేవారికి ఒక అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరును పది అక్షరాలకు కత్తిరించే పనిముట్టు ఇంగ్లిషు పేర్లతో బాగానే పనిచేసి, తెలుగు పేరును పొల్లు దగ్గర తెగ్గోస్తుంది. ఎస్సెమ్మెస్ పంపే పనిముట్లు రాసేవారు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 సంకేతాలే పడతాయి.

మూడోది కంటికి కనబడదు. “రాజ్‌కుమార్” అని రాసేటప్పుడు జకారానికి కకారం ఒత్తుగా అంటుకోకుండా, ఆ రెంటి మధ్య ఒక అదృశ్య సంకేతం పెడతారు. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వర్డ్‌లో ఆ సంఖ్య కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే అది పడుతుంది. బ్రౌజరులోనో, ఎక్సెల్‌లోనో ఈ చిట్కా పనిచేయదు. ఆటోహాట్‌కీలో ఒక్క వరుస రాసుకుంటే ఏ ప్రోగ్రాములోనైనా ఒకే మీటతో పడేలా చేసుకోవచ్చు. తెలుగు టైపు చేసేవారు రాసుకోదగ్గ మొదటి పనిముట్టు ఇదే. కానీ ఆ సంకేతం ఇంకో చిక్కు తెస్తుంది. చందాదారుల జాబితాలో ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా అదే పేరు రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరువేరు పేర్లు. వెతికితే ఒకటే దొరుకుతుంది, లెక్కిస్తే ఇద్దరవుతారు. అందుకని పేర్లు పోల్చే ఏ పనిముట్టయినా పోల్చే ముందు రెంటిలోనూ ఆ సంకేతాన్ని తీసేసుకోవాలి, చివరి ఖాళీలు కూడా. అసలు జాబితాను మాత్రం ముట్టుకోకూడదు.

ప్రమాదాలు జరగకుండా

చేతితో చేసే తప్పు ఒక్క ఫైలును పాడుచేస్తుంది. పనిముట్టు చేసే తప్పు ఒక్క సెకనులో వెయ్యి ఫైళ్లను పాడుచేస్తుంది. కాబట్టి కొత్త పనిముట్టును ఎప్పుడూ అసలు ఫోల్డరు మీద ప్రయోగించకూడదు. దాని కాపీ మీద నడిపి చూడాలి. అంతకన్నా మంచి పద్ధతి, నిజంగా మార్చకుండా ఏమేం మారుస్తుందో జాబితా మాత్రం చూపించే ఉత్తుత్తి విడత పెట్టడం. పవర్‌షెల్ ఆదేశాల్లో చాలావాటికి “వాట్ఇఫ్” అని చేర్చితే ఇది దానంతటదే వస్తుంది. ఆ జాబితా చదివితే చాలా తప్పులు బయటపడతాయి. కనీసం ఘోరమైనవి తప్పక బయటపడతాయి.

పేర్లు మార్చే పనిముట్టయితే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఒక చిన్న ఫైలులో రాసిపెట్టాలి. వెనక్కి తిప్పాల్సివస్తే అదే ఆధారం. రెండు ఫైళ్లకు ఒకే కొత్త పేరు వచ్చే సందర్భాన్ని ముందే ఊహించాలి. అలాంటప్పుడు ఒకటి ఇంకోదాన్ని మింగేయకుండా పనిముట్టు ఆగిపోవాలి. తొలగించడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి: ఆదేశాలతో తొలగించిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు, నేరుగా పోతాయి. అందుకని పనిముట్టు దేన్నీ తొలగించకుండా, అక్కర్లేనివాటిని ఒక విడి ఫోల్డరులోకి తోసి ఊరుకోవాలి. తీసేసే పని ఒక నెల గడిచాక మనిషే చేయాలి. పాస్‌వర్డులను స్క్రిప్టులో రాయడం ఎంత సులువుగా అనిపించినా తగదు.

పదిమందికీ పంచడం

ఒకరి చికాకు చాలాసార్లు పదిమంది చికాకే. ఈ విషయంలో తెలుగువారికి మంచి వారసత్వమే ఉంది. కంప్యూటర్లకు తెలుగు రాని రోజుల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తర్వాత తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటు పెట్టుకుని, ఆ ఫాంటు లేనివారికి గందరగోళం చూపించిన కాలంలో నాగార్జున వెన్న “పద్మ” అనే ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్ రాశారు. అది ఆ పేజీలను చూస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చేది. పద్మలోని ప్రోగ్రామును ఆధారం చేసుకుని వీవెన్ 2006లో “లేఖిని” పెట్టారు. బ్రౌజరు తెరిచి ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆ ఒక్క పేజీ తెలుగు బ్లాగులు వెల్లువెత్తడానికి దారి వేసింది. ఒకరు చేసినదాన్ని ఇంకొకరు అందుకోగలగడానికి, రాసిన ప్రోగ్రామును తెరిచి ఉంచడమే కారణం.

ఎంత చిన్నది ఎక్కడిదాకా వెళ్తుందో ముందు చెప్పలేం. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ చాట్ గదిలో నడిచే ఒక బాట్ కోసం కరెన్సీ మారకం రేట్లు తెచ్చే చిన్న ప్రోగ్రాముతో మొదలుపెట్టి 1998లో “కర్ల్” విడుదల చేశారు. నేడది ఫోన్లలో, టీవీల్లో, కార్లలో నడుస్తోంది.

పంచడానికి మొదటి మెట్టు పక్క టేబులు. పనిముట్టును పక్కవారికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వారు వాడుతుంటే చూడాలి. ఎక్కడ ఆగారో, ఏది తప్పు నొక్కారో అదంతా పనిముట్టు లోపమే. తయారుచేసినవారి కంప్యూటర్‌లో మాత్రమే ఉండే ఫోల్డరు పేరు స్క్రిప్టులో ఉండిపోవడం, పైథాన్ లేని కంప్యూటర్‌లో ఏమీ జరగకపోవడం ఈ దశలో బయటపడే మామూలు విషయాలు. ఇంకో కంప్యూటర్‌కు వెళ్లిన పవర్‌షెల్ స్క్రిప్టు రెండుసార్లు క్లిక్ చేస్తే నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అది భద్రత కోసం విండోస్ పెట్టిన కట్టడి. ఎలా నడపాలో రాసి ఇవ్వాలి.

ఆ రాసి ఇవ్వడం కూడా పనిముట్టులో భాగమే. ఒక పేజీ చాలు, వాడేవారు తెలుగువారైతే తెలుగులోనే ఉండాలి. ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎలా నడపాలి, వద్దనుకుంటే ఎలా తీసేయాలి అన్న నాలుగు విషయాలు రాయాలి. ఏం చేయదన్నది చాలామంది రాయరు, తగువులన్నీ అక్కడే వస్తాయి.

స్క్రిప్టును ఎగ్జీ ఫైలుగా మార్చి ఇస్తే వాడేవారికి సుఖమనిపిస్తుంది. కానీ ఊరూపేరూ తెలియని ఎగ్జీ ఫైలును విండోస్ స్మార్ట్‌స్క్రీన్ ఆపి హెచ్చరిస్తుంది. ఆటోహాట్‌కీ, పైథాన్ స్క్రిప్టుల నుంచి చేసిన ఎగ్జీలను యాంటీవైరస్‌లు తరచు వైరస్‌గా పొరబడతాయి. అప్పుడు “యాంటీవైరస్ ఆపేసి నడపండి” అని సలహా ఇవ్వడం పెద్ద తప్పు; అలా ఒకసారి అలవాటైనవారు రేపు నిజమైన వైరస్‌ను కూడా అలాగే నడుపుతారు. చదవగలిగే స్క్రిప్టునే ఇవ్వడం మేలు. ఎగ్జీ తప్పనిసరైతే మూలం కూడా పక్కనే పెట్టాలి, ఫైలు మధ్యలో మారలేదని సరిచూసుకోవడానికి దాని షా-256 సంఖ్యను ప్రకటించాలి.

లైసెన్సు సంగతి మరవకూడదు. భారత కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. లైసెన్సు రాయకపోతే హక్కులన్నీ రాసినవారివే. ఎవరైనా దాన్ని మార్చి పంచుకోవడానికి చట్టపరంగా వీలుండదు. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనుకుంటే ఎంఐటీ లైసెన్సు, మార్చి పంచినవారు తమ మార్పులనూ అలాగే తెరిచి ఉంచాలనుకుంటే జీపీఎల్. ఉద్యోగంలో భాగంగా చేసినదైతే వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. అలాంటప్పుడు అనుమతి తీసుకున్నాకే బయటికి ఇవ్వాలి. ప్రోగ్రాములను పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టే ముందు నమూనా ఫైళ్లలో నిజమైన పేర్లు, ఆధార్ నంబర్లు, పాస్‌వర్డులు లేవని చూసుకోవాలి. ఒకసారి పెట్టాక తర్వాతి రూపంలో తీసేసినా, పాత రూపాల చరిత్రలో అవి అలాగే ఉంటాయి.

పంచాక వినతులు వస్తాయి. ఇది కూడా చేస్తే బాగుండు, అది కూడా చేర్చండి అంటారు. ఒక పని చేసే పనిముట్టు ఆరు పనులు చేయడం మొదలుపెడితే ఆరింటినీ అరకొరగానే చేస్తుంది. మర్యాదగా కాదనడం నేర్చుకోవాలి, కావాలంటే మూలం తీసుకుని వారే మార్చుకోవచ్చని చెప్పాలి. తప్పు గురించిన ఫిర్యాదుకు మాత్రం వెంటనే స్పందించాలి. ఏ విండోస్, ఏ ఫైలు ఇచ్చారు, తెర మీద ఏం కనిపించింది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు తెప్పించుకుంటే సగం పని అయినట్టే.

ఓపిక అయిపోతే ఇంకొకరికి అప్పగించవచ్చు, అయితే ఆచితూచి. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా ఒక్కడే చూసుకుంటూ అలసిపోయిన వ్యక్తికి, సాయం చేస్తానంటూ దగ్గరైన ఒక మారుపేరు మనిషి 2024లో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో అది బయటపడింది. ఉన్నపళంగా తీసేయడమూ సరికాదు. 2016 మార్చిలో “లెఫ్ట్‌ప్యాడ్” అనే 11 వరుసల ప్రోగ్రామును దాని రచయిత జావాస్క్రిప్టు ప్రోగ్రాములు పంచుకునే ఎన్‌పీఎం నుంచి ఉపసంహరించుకోగానే, దానిమీద ఆధారపడిన వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి.

అవసరం తీరిపోయే రోజు, లేదా పనిముట్టే నడవని రోజు కూడా వస్తుంది. విండోస్ 10లో 2019 నాటి మార్పులతో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే వచ్చేసింది. అంతకుముందు 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా యాడ్ఆన్‌లన్నీ పనిచేయడం మానేశాయి. అలాంటప్పుడు గిట్‌హబ్‌లోని పేజీని ఆర్కైవ్ చేస్తే మూలం చదవడానికి, కాపీ చేసుకోవడానికి ఉంటుంది, మార్పులు మాత్రం ఆగుతాయి. వివరాల పేజీ మొదటి వరుసలో పనిముట్టు ఏ తేదీతో ఆగిందో, ఇకమీదట దాని బదులు ఏది వాడాలో రాయాలి. దానితో తయారైన ఫైళ్లు కొత్తదాంట్లో తెరుచుకోకపోతే వాటిని మార్చుకునే పద్ధతి కూడా అక్కడే ఉండాలి.